పెడల్ మెత్తబడితే ముందు కాలితో చూడు

చిన్నా,

బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతోంది, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్ మార్చేయనా అని అడిగావు. ఇప్పుడే ఏమీ కొనకు. ఈ సంగతి తేలేదాకా బండిని వీధి చివరిదాకా కూడా తీయొద్దు.

ఇంజన్ ఆపి పెడల్ నెమ్మదిగా తొక్కు. జబ్బేమిటో సగం నీ పాదానికే తెలుస్తుంది. స్పాంజి మీద కాలేసినట్టుండి, గబగబా తొక్కితే కాస్త గట్టిపడుతుంటే పైపుల్లో గాలి చేరినట్టే. మొదటిసారి బాగా లోపలికెళ్లి, రెండోసారికి పైనే గట్టిగా నిలబడితే చాలావరకు వెనక డ్రమ్ముల్లో షూలు (డ్రమ్ముకి ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) అరిగి ఎడం పెరిగి ఉంటుంది, అడ్జస్ట్ చేయాలి. అదిమి పట్టుకున్నకొద్దీ మెల్లగా కిందికి జారుతూ, బ్రేక్ ఆయిల్ పోసే డబ్బాలో ఆయిల్ మాత్రం తగ్గకపోతే అప్పుడు మాస్టర్ సిలిండర్‌ని అనుమానించు, లోపలి రబ్బరు సీళ్లు పోయుంటాయి.

ఆయిల్ తగ్గుతోందా? టైర్ల లోపలి వైపు తడిమి చూడు. డ్రమ్ములో షూలని నెట్టే వీల్ సిలిండర్ రబ్బరు టోపీ అంచు ఎత్తితే ఆయిల్ కారిందంటే దాని పని అయిపోయినట్టే. పెడల్ ఎవరిచేతైనా తొక్కించి రబ్బరు హోసులు పట్టుకో. ఉబ్బేవాటిని మార్చేయ్.

గాలి తీసే పని మీ అమ్మ సాయంతో ఇంట్లోనే చేసుకోవచ్చు. బండి జాకీ మీద వదలకు, స్టాండ్లు పెట్టు. మాస్టర్ సిలిండర్‌కి బాగా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు; మీ బండి మాన్యువల్ వేరే వరస చెబితే దాన్నే పాటించు. చక్రం దగ్గర గాలి వదలడానికి ఉండే చిన్న మరని నిపుల్ అంటారు; దానికి సన్నటి గొట్టం తొడిగి, రెండో కొస సీసాలోని ఆయిల్లో ముంచు. అమ్మ పెడల్ తొక్కి పట్టుకోవాలి, నువ్వు నిపుల్ కాస్త వదులు చేయాలి, బుడగలు వస్తాయి, బిగించాలి, ఆ తర్వాతే ‘వదిలెయ్’ అనాలి. బిగించకముందే కాలు తీస్తే పోయిన గాలి మళ్లీ లోపలికొస్తుంది. డబ్బా మధ్యమధ్యలో నింపుతూ ఉండు, ఖాళీ అయితే మొదటికొస్తుంది. పెడల్ కింద చిన్న చెక్కముక్క పెట్టడం మరిచిపోకు. పాత మాస్టర్ సిలిండర్‌లో చివరి భాగం ఏళ్ల తరబడి సీళ్లు తగలక తుప్పు పట్టి ఉంటుంది. పెడల్ నేలదాకా తొక్కితే బాగున్న సీళ్లు కూడా అక్కడ గీసుకుపోతాయి.

నిపుల్ బిగుసుకుపోతే బలవంతం చేయకు, విరిగితే పెద్ద పని. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా వదిలెయ్.

ఆయిల్ నల్లబడి ఉంటే మొత్తం మార్చు. అది తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. పొడవాటి దిగుడు మీద ఆ వేడికి ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ కింద ఇంకేమీ మిగలదు. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడుగు.

అంతా అయ్యాక పెడల్ తొక్కి పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చెయ్. సర్వో (ఇంజన్ నడుస్తుంటే పెడల్ తొక్కుడుకి బలం కలిపే భాగం) ఉన్న బండైతే కొద్దిగా దిగి ఆగుతుంది, కంగారుపడకు. తర్వాత ఖాళీ మైదానంలో నడక వేగంతో నాలుగుసార్లు ఆపి చూసి, నిపుల్స్ దగ్గర తడేమైనా ఉందేమో చూసి నాకు ఫోన్ చెయ్.

మీ మామయ్య