గ్లాక్ 19 పట్టు జారుతోంది, స్టిప్లింగ్ చేయించాలా? ముందు ఐరన్ పక్కన పెట్టండి

ఒక పాఠకుడు అడిగిన విషయం ఇది. డాలస్ దగ్గర ఉంటారు, గ్రీన్ కార్డు వచ్చాక గ్లాక్ 19 పిస్తోలు, జెన్ 5 (ఐదో తరం) కొన్నారు. కాల్పుల రేంజ్‌లో రెండు మూడు మ్యాగజైన్లు (తూటాల పెట్టెలు) అయ్యేసరికి చెమటకి పట్టు జారుతోంది, తూటాలు టార్గెట్ మీద ఎడమ పక్కకి, కిందకి పడుతున్నాయి. సోల్డరింగ్ ఐరన్‌తో గ్రిప్ (పిడి) మీద గరుకు చుక్కలు పెట్టించుకోమని ఎవరో సలహా ఇచ్చారు, స్టిప్లింగ్ అంటే అదే. పెట్టించుకోవాలా, వద్దా?

ఇప్పుడే వద్దు. జారడం ఒక సమస్య. చేతికి సైజు కుదరకపోవడం ఇంకో సమస్య. తూటాలు ఎడమ కిందకి పడటం మూడోది, దానికీ గ్రిప్ గరుకుకీ చాలాసార్లు సంబంధమే ఉండదు. ఈ మూడింటినీ ఒకే మూట కట్టి ఐరన్‌తో తేల్చేద్దామని కూర్చున్నవాళ్ల ఫ్రేములే (గ్రిప్ కలిసి ఉన్న ప్లాస్టిక్ కింది భాగాలే) తర్వాత సగం ధరకి అమ్మకానికొస్తాయి.

మూడోదాన్నే ముందు తేల్చుకోండి, పైసా ఖర్చు లేదు. కుడిచేతి వాటం వాళ్లు ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చూపుడు వేలితో పాటు మిగతా మూడు వేళ్లూ బిగుసుకుంటాయి. దాంతో తుపాకీ మూతి ఎడమకి, కిందకి వాలుతుంది. పక్కనున్న వాళ్లని పిలిచి మీ మ్యాగజైన్లో అసలు తూటాల మధ్య రెండు మూడు డమ్మీలు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలిపి పెట్టమనండి, ఎక్కడ పెట్టారో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు పేలుడు ఉండదు, కానీ మూతి గబుక్కున వంగితే తప్పు పట్టులో లేదు, నొక్కుడులో ఉంది. చుక్కలు పెట్టించినా ఆ వంగడం అలాగే ఉంటుంది, పైగా చెయ్యి కూడా గీరుకుంటుంది.

తర్వాత సైజు. మ్యాగజైన్ తీసి, స్లైడ్ (పైన కదిలే లోహపు భాగం) లాగి, ఛాంబర్ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కళ్లతో చూసి వేలుపెట్టి కూడా తడిమి చూడండి. తూటాలేవీ మీరు కూర్చున్న గదిలో కూడా ఉండకూడదు. ఇప్పుడు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య సందు గ్రిప్ వెనక పైదాకా ఎక్కేలా పట్టుకోండి. బ్యారెల్, ముంజేయి ఒకే గీతలో ఉండాలి. అలా ఉంచి చూపుడు వేలు ట్రిగ్గర్ మీద పెడితే వేలి కొసన మెత్తటి భాగం మధ్యలో ఆనాలి, వేలికీ ఫ్రేముకీ మధ్య కొంచెం సందు కనబడాలి. వేలి చివర మాత్రమే అందుతోందంటే గ్రిప్ మీ చేతికి పెద్దది. మొదటి కణుపు దాకా దూరిపోతోందంటే చిన్నది. పట్టు కదపకుండా బొటనవేలు మ్యాగజైన్ బటన్ నొక్కగలుగుతోందా అన్నది కూడా చూడండి.

సైజు కుదరకపోతే పరిష్కారం తుపాకీ డబ్బాలోనే ఉంటుంది, దాన్ని తెరవనివాళ్లే ఎక్కువ. జెన్ 4 వచ్చిన 2010 నుంచీ గ్లాక్ మార్చుకునే బ్యాక్‌స్ట్రాపులు (గ్రిప్ వెనక తగిలించే ముక్కలు) ఇస్తోంది. ఏదీ తగిలించకపోతే గ్రిప్ అన్నిటికన్నా చిన్నగా ఉంటుంది, మధ్య సైజు 2 మి.మీ., పెద్దది 4 మి.మీ. ట్రిగ్గర్ దూరాన్ని పెంచుతాయి. వెనక కాస్త పొడుచుకొచ్చిన రకం కూడా ఉంది, స్లైడ్ వెనక్కొచ్చినప్పుడు చర్మం గీరుకుపోయే చేతులకి అది మంచిది. వెనక ఉన్న పిన్నుని వాళ్లిచ్చిన పరికరంతోనే తొయ్యాలి, సుత్తి, మేకు వద్దు. బ్యాక్‌స్ట్రాప్ కొక్కేన్ని గ్రిప్ అడుగున తగిలించి, పైభాగం నొక్కి, దాంతో పాటు వచ్చిన పొడవు పిన్ను దూర్చాలి. రెండు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది కానీ, ట్రిగ్గర్ మీద వేలు ఆనే చోటు మారిపోవడానికి అంతకన్నా అక్కర్లేదు.

ఇక జారడం. ఎక్కడ జారుతోందో చెప్పగలరా? కుడిచేతి వాటం అయితే కుడి అరచెయ్యి, వేళ్లు పట్టినచోట పెద్దగా కదలదు. గ్రిప్ ఎడమ పలక మీద కుడి వేళ్లు కప్పని ఖాళీ ఒకటి మిగులుతుంది, ఎడమ అరచేతి అడుగుభాగం ఆనేది అక్కడే. జారేది చాలామందికి ఆ చోటే. అంటే గరుకు కావాల్సింది ఎడమ పలకకీ, ముందు వేళ్ల కిందకీ. గ్రిప్ అంతా కాల్చాల్సిన పని లేదు.

కానీ ఇక్కడే ఒక చిక్కుంది, దుకాణాల వాళ్లు నోరెత్తరు. నడుముకి కుడిపక్క లోపల పెట్టుకుని తిరిగితే తుపాకీ ఎడమవైపే ఒంటికి ఆనుతుంది. బొడ్డు పక్కన పెట్టుకున్నా అంతే. పట్టుకి ఏ పలక గరుగ్గా కావాలో అదే పలక రోజంతా పొట్ట చర్మాన్ని గీకుతుంది. టెక్సస్ జూలైలో పల్చటి టీషర్టు కింద రెండు రోజుల్లో ఎర్రటి దద్దు తేలుతుంది. చొక్కా గ్రిప్‌కి పట్టుకుని పైకి లేచి తుపాకీ ఆకారం బయటపడుతుంది. అందుకే రేంజ్‌కే వాడే తుపాకీకి ఒక లెక్క, ఒంటిమీద పెట్టుకునేదానికి ఇంకో లెక్క.

ఐరన్ కన్నా ముందు చేసి చూడాల్సినవి మూడున్నాయి. ఒకటి, పోటీ షూటర్లు చేతికి రాసుకునే ద్రవరూపపు సుద్ద. చెమట చేతుల వాళ్లకి చాలాసార్లు దీంతోనే కథ ముగుస్తుంది. రెండు, సైకిల్ ట్యూబు. అరచేతి వెడల్పు ముక్క కోసి గ్రిప్‌కి తొడగాలి, మ్యాగజైన్ బటన్ దగ్గర కత్తిరించాలి. చూడ్డానికి బాగుండదు, పని మాత్రం చేస్తుంది. మూడు, మోడల్‌కి తగ్గట్టు కత్తిరించి అమ్మే స్టిక్కర్ గ్రిప్పులు. టాలన్ లాంటి కంపెనీలవి సుమారు ఇరవై డాలర్లు, రబ్బరు రకం, ఇసుక రకం రెండూ దొరుకుతాయి. ఒంటిమీద పెట్టుకునేదానికి రబ్బరుదే. అతికించేముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డంతా తుడిచి ఆరనివ్వాలి, అతికించాక హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి అంచులు గట్టిగా నొక్కాలి. ట్రిగ్గర్ గార్డు కింద మూలే మొదట లేస్తుంది, నూనె అక్కడే చేరుతుంది కాబట్టి. లేచినప్పుడు పీకేసి కొత్తది వేసుకోవచ్చు, ఫ్రేముకి ఏమీ కాదు.

ఆ స్టిక్కరుతో కొన్ని వారాలు కాల్చండి. గరుకు ఎక్కడ అవసరమో, ఎక్కడ ఒంటికి గుచ్చుకుంటోందో మీ చేతికే తెలుస్తుంది. తర్వాత స్టిప్లింగే చేయించాలనుకుంటే ఆ స్టిక్కరే మీ నమూనా.

ఇప్పుడు స్టిప్లింగ్ సంగతి. వేడెక్కిన ఇత్తడి కొన పాలిమర్‌ని తాకగానే ఏం జరుగుతుందో దగ్గరగా చూడాలి. గ్లాక్ ఫ్రేము నైలాన్ జాతి ప్లాస్టిక్, నైలాన్లు రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతాయి. వేడి సరిగ్గా ఉంటే కొన నిటారుగా దిగి, చుట్టూ చిన్న గట్టు లేపి, శుభ్రంగా పైకొస్తుంది. ఆ గట్టే వేళ్లకి తగిలే గరుకు, గుంట కాదు. వేడి తక్కువైతే ప్లాస్టిక్ కొనకి అంటుకుని దారంలా సాగుతుంది. ఎక్కువైతే చుక్క అడుగున బుడగ లేస్తుంది, మెరుపు వస్తుంది, గట్టు కూలిపోయి నున్నగా అయిపోతుంది. అప్పుడు గరుకు కోసం చేసిన పని నునుపు తెస్తుంది. అందుకే ఉష్ణోగ్రత తిప్పుకునే ఐరనే కావాలి, దాని మీద కనబడే అంకెని నమ్మకుండా పాత ప్లాస్టిక్ మ్యాగజైన్ మీద ముందు వేసి చూడాలి. ఒక్కో చుక్కకి సెకను చాలు, లోతు అర మిల్లీమీటరుకి మించకూడదు, చుక్కకి చుక్క సగం ఆనుకోవాలి. ముందు అంచు, తర్వాత లోపల. కొనకి అంటిన మసి ఇత్తడి పీచుతో మాటిమాటికీ తుడవాలి. కిటికీ తెరిచి, ఫ్యాన్ బయటికి తిప్పి, ఆవిర్లు ఆపే మాస్కు పెట్టుకుని చెయ్యాలి, ఆ పొగ మంచిది కాదు.

మొదలుపెట్టేముందు ఫ్రేములో ఏమీ ఉండకూడదు: ట్రిగ్గర్ హౌసింగ్, లాకింగ్ బ్లాక్, మ్యాగజైన్ బటన్, స్ప్రింగులు, అన్నీ బయటికి. విడదీసి మళ్లీ పెట్టడం రాదంటే ఈ పని మీది కాదు.

అసలు నష్టం బయట కనబడదు. గ్రిప్ గోడ వెనక వెంటనే మ్యాగజైన్ దిగే సందు ఉంటుంది. ఒకే చోట ఎక్కువసేపు పనిచేస్తే గోడ మెత్తబడి లోపలికి ఉబ్బుతుంది. బయట చూస్తే అందంగా ఉంటుంది, లోపల మ్యాగజైన్ పట్టేస్తుంది, బటన్ నొక్కితే జారి పడదు. అందుకే ఒక పలక కొంచెం చేసి, పూర్తిగా చల్లారనిచ్చి, రెండో పలకకి వెళ్లాలి. ప్రతిసారీ ఖాళీ మ్యాగజైన్ వేసి తీసి చూడాలి. మ్యాగజైన్ బటన్ గాడి, పిన్నుల రంధ్రాలు, పైన స్లైడ్ జారే పట్టాల దగ్గర ప్రాంతం, వీటి చుట్టూ కనీసం 3 మి.మీ. వదిలెయ్యాలి. గాడి అంచు కరిగితే బటన్ లోపలే ఇరుక్కుంటుంది.

సీరియల్ నంబరు పలక జోలికి వేడి వెళ్లకూడదు. నంబరు చెరిపేసిన, మార్చేసిన తుపాకీ దగ్గర ఉంచుకోవడమే అమెరికా ఫెడరల్ చట్టం కింద నేరం.

చుక్కల కన్నా ఉపయోగం ఉన్న పని ఒకటుంది, ట్రిగ్గర్ గార్డు గ్రిప్‌ని కలిసేచోట కింద కొంచెం చెక్కడం. మధ్యవేలి కణుపు అక్కడే ఒరుసుకుని కాయ కాస్తుంది. రెండు మిల్లీమీటర్లు తీస్తే చెయ్యి అంత పైకెక్కుతుంది, కాయ కూడా పోతుంది. చేతి అరంతో, ఒక పక్క గుండ్రంగా ఉండే రకంతో తియ్యండి. డ్రెమెల్ (కరెంటుతో తిరిగే చిన్న పరికరం) అయితే తక్కువ వేగంలోనే, వేగం పెరిగితే నైలాన్ తెగకుండా కరిగి ముద్ద కడుతుంది. తర్వాత 120, 220, 400 నంబరు గరుకు కాగితాలు వరసగా. మీది జెన్ 5 కాబట్టి గ్రిప్ ముందు వేళ్ల కోసం చేసిన గాళ్ల గొడవ లేదు, 2017లో గ్లాక్ వాటిని తీసేసి పుణ్యం కట్టుకుంది. జెన్ 3, జెన్ 4 వాళ్లు ఆ గాళ్లు అరగదీస్తే నున్నటి మచ్చ మిగులుతుంది, అది కప్పడానికి చుక్కలు తప్పవు. గ్రిప్ వెనక బొడిపె తగ్గించి ఎపాక్సీతో నింపే పని మాత్రం ఇంట్లో చెయ్యకండి, వెనక గోడ లోపల బోలు, అరం ఒక్కసారి అటు దూరితే తిరిగి రాదు.

దుకాణానికి ఇస్తే సాదా స్టిప్లింగ్‌కి రెండు మూడు వందల డాలర్ల దాకా పడొచ్చు. గ్లాక్‌లో చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఆ ఫ్రేమే, కాబట్టి చేసేవాళ్లకి ఫెడరల్ లైసెన్సు ఉండాలి. స్నేహితుడి గ్యారేజీలో డబ్బులిచ్చి చేయించడం వద్దు. అడగాల్సినవి: మ్యాగజైన్ నిండుగా వేసి పరీక్షిస్తారా, పాడైతే ఫ్రేము మారుస్తారా, ఏడాది వాడిన పని ఫొటో చూపిస్తారా. వాళ్ల పేజీలో అన్నీ పుర్రెలూ తేనెతుట్టెలూ అయితే వేరే చోటు చూసుకోండి, ఆ డిజైన్లలో సగం ఫొటో కోసమే. పని అయ్యాక వారంటీ మీద ఆశ పెట్టుకోకండి, అమ్మినప్పుడు ధర తగ్గుతుంది. మ్యాచులకి వెళ్లేవాళ్లు మీ డివిజన్ (పోటీ విభాగం) నియమాలు ఈ ఏడాదివి చదవండి, కొన్నిటిలో గ్రిప్ మార్పులకి హద్దులున్నాయి.

ఇంకా కొననివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, సిగ్ పి320 పిస్తోలు లాంటి వాటిలో సీరియల్ నంబరు లోపలి లోహపు భాగానికి ఉంటుంది, గ్రిప్ ఒట్టి ప్లాస్టిక్ తొడుగు. చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో యాభై డాలర్ల చుట్టుపక్కల విడిగా దొరుకుతుంది, లైసెన్సు కాగితాలు అక్కర్లేదు. దాన్ని ఎంత కాల్చుకున్నా, చెడితే ఇంకోటి.

మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే ఇంకో మాట గురించి కూడా చెప్పాలి. హెచ్1బి మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపులున్నాయి, వాటికి గడువూ ఉంటుంది. "లైసెన్స్ ఒకసారి తీస్తే చాలు బ్రో" అనే సలహా విని వీసా భవిష్యత్తు పణంగా పెట్టకండి. లాయర్ని అడగండి. గ్రిప్ సంగతి ఆ తర్వాత.

మీ విషయానికొస్తే: డమ్మీలతో పరీక్ష, తర్వాత బ్యాక్‌స్ట్రాప్, తర్వాత ఎడమ పలకకీ ముందుకీ రబ్బరు స్టిక్కరు. వేసవి అంతా కాల్చాక కూడా ఎడమ అరచెయ్యి కదులుతోందంటే ఆ ఒక్క పలకకే చుక్కలు పెట్టించండి, పైన వెనక మూల ఒంటికి ఆనేచోటు నున్నగా వదిలెయ్యమని ముందే గీత గీసి ఇవ్వండి. తిరిగి వచ్చాక మీ దగ్గరున్న ప్రతి మ్యాగజైన్నీ ఖాళీగా ఒకసారి, 15 డమ్మీలతో నింపి ఒకసారి వేసి, తుపాకీ నిటారుగా పట్టుకుని బటన్ నొక్కండి. నిండు మ్యాగజైన్ కొంచెం ఉబ్బుతుంది, అందుకే రెండూ చూడాలి. ఒక్కటి ఆగినా తుపాకీ దుకాణానికి తిప్పి పంపండి.