మందు మానగానే వచ్చే కలవరింత పిచ్చి కాదు

ప్రశ్న: మా నాన్నకు 54 ఏళ్లు. చాలా కాలంగా రోజూ తాగుతారు. బండి మీద నుంచి పడి కాలు విరిగితే ఆపరేషన్‌కు ఆస్పత్రిలో చేర్పించాం. తాగే అలవాటుందా అని నర్సు అడిగితే, పరువు పోతుందని ‘ఎప్పుడైనా పండక్కి’ అన్నాం. మూడో రోజు రాత్రి చేతులు వణుకుతూ, గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరిచారు. మంచం దిగబోతే చేతులు కట్టేశారు. ఇంటికొచ్చాక మళ్లీ తాగుతున్నారు. తెలియకుండా కూరలో కలిపే మాత్రలున్నాయని బంధువులు అంటున్నారు. అవి పెట్టి ఇంట్లోనే మాన్పించొచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి. దయచేసి పెట్టకండి. మీ బంధువులు చెబుతున్నది బహుశా డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాళ్లకు ప్రాణం మీదికే రావచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. రోగికి అన్నీ చెప్పి, ఆయన ఒప్పుకున్నాక, పరీక్షలు చేసి ఇవ్వాల్సిన మందు అది.

ఆ రాత్రి మీ నాన్నగారికి వచ్చింది పిచ్చి కాదు. ఏళ్ల తరబడి మద్యానికి అలవాటుపడిన మెదడుకు అది ఒక్కసారిగా అందకపోతే ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, టెన్షన్ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

‘ఆఖరిసారి ఎప్పుడు తాగారు, ఎంత తాగారు’ అని నర్సు అడిగేది అందుకే. మీ సిగ్గు నాకు అర్థమవుతుంది. అయినా ఈసారి క్వార్టరా, హాఫా, ఉన్నదున్నట్టు చెప్పండి. అది తెలిస్తే నర్సులు వణుకు, చెమట, వాంతులు, ఆందోళన, భ్రమలకు మార్కులు వేస్తూ, పెరిగితే వెంటనే డాక్టరుకు చెబుతారు. ఆ మార్కులను బట్టే, వణుకు, ఆందోళన తగ్గించే లోరాజెపామ్ లాంటి మందు మోతాదు మారుతుంది. గ్లూకోజ్ ఎక్కించే ముందే థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇవ్వడం కూడా చాలా ముఖ్యం. అది లోపిస్తే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదముంది.

మందులెంత ముఖ్యమో, మంచం పక్కన మనిషి ఉండటం అంత ముఖ్యం. గదిలో మరీ చీకటి వద్దు, గోల వద్దు. ‘నాన్నా, నేను, నీ బిడ్డను. మనం ఆస్పత్రిలో ఉన్నాం, ఇప్పుడు రాత్రి’ అని మళ్లీ మళ్లీ చెప్పాలి. పురుగులున్నాయంటే వాదించొద్దు, ఉన్నాయని ఒప్పుకోనూ వద్దు. ‘నాకు కనబడట్లేదు, కానీ నీకు భయంగా ఉందని తెలుస్తోంది’ అంటే చాలు. చేతులు కట్టడం చిట్టచివరి దారి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, మానసిక వైద్య కేంద్రాల్లో రోగికో పక్కవాళ్లకో తక్షణ హాని తప్పించడానికి వేరే మార్గం లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టమంటుంది. శిక్షగా కట్టకూడదు. నర్సుల కొరత వల్ల చాలాచోట్ల తాడే ముందొస్తోంది. ఇది మారి తీరాలి.

ఒకసారి అలా మతి తప్పిన మనిషికి ఇంట్లో మాన్పించడం క్షేమం కాదు. సైకియాట్రిస్టు ఉన్న ఆస్పత్రిలో చేర్పించే దాకా ఆయన్ను ఉన్నట్టుండి మానమని బలవంతపెట్టొద్దు. కల్లు కూడా తాగుతుంటే తప్పక చెప్పండి. మన దగ్గర కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపామ్ లాంటి మత్తుమందులు కలుపుతుంటారు. అది ఆగినా ఇలాంటి అవస్థే. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మందు దొరక్క ఎర్రగడ్డ ఆస్పత్రికి జనం బారులు కట్టింది ఈ బాధతోనే.

మానాక తాగాలన్న కోరిక తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. కాలి నొప్పికి ట్రామడాల్ వాడుతుంటే నాల్ట్రెక్సోన్ ఇవ్వకూడదు, కాబట్టి మందుల చీటీ తీసుకెళ్లండి. మళ్లీ తాగినా తిట్టకుండా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లండి.

ఇంట్లో ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టే పని అసలే వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఎక్కడ చేర్పించాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు గానీ, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు గానీ చేయండి.