కేపీ 2 ఉన్నా రాత్రి 8కి ఆర్‌టీకే ఫిక్స్ ఎందుకు పోతోంది?

ఆర్‌టీకే అంటే బేస్ స్టేషన్ సవరణలతో శాటిలైట్ కొలతని సెంటీమీటర్ల దాకా తెచ్చే సర్వే పద్ధతి. ఆ కచ్చితత్వం దొరికితే ఫిక్స్, దొరక్కపోతే ఫ్లోట్. అది పోతే రిసీవర్‌ది తప్పు కాకపోవచ్చు. మార్చిలో, బెంగళూరు వైట్‌ఫీల్డ్ సైట్‌లో, రాత్రి 8 దాటగానే ఫిక్స్ కాస్తా ఫ్లోట్ అయి పదింటిదాకా కుదురుకోవట్లేదంటే అది చాలావరకు అయనోస్ఫియర్ సింటిలేషనే, అంటే పై వాతావరణంలోని విద్యుదావేశపు పొరలో సిగ్నల్ మిణుకుమిణుకుమనడం.

కేపీ (భూ అయస్కాంత తుఫాను తీవ్రతని 0 నుంచి 9 దాకా చెప్పే సూచీ, 2 అంటే ప్రశాంతం) చూసి లాభం లేదు. అది మనకి చాలా దూరంగా, పై అక్షాంశాల్లో ఉన్న 13 అబ్జర్వేటరీల లెక్క. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొసన ఉంది. పొద్దుగుంకాక ఇక్కడ లేచే ప్లాస్మా బుడగలకి (ఆ పొరలో ఎలక్ట్రాన్లు పలచబడి సిగ్నల్‌ని చెదరగొట్టే చోట్లు) అయస్కాంత తుఫానుతో పనిలేదు. ఒక్కోసారి తుఫానే వాటిని అణిచేస్తుంది కూడా. మార్చి-ఏప్రిల్, సెప్టెంబర్-అక్టోబర్ వీటి సీజన్.

అందరూ వదిలేసేది లాగింగ్ ఇంటర్వల్, అంటే రిసీవర్ ఎన్ని సెకన్లకోసారి రికార్డు చేస్తుందో. 30 సెకన్ల ఫైల్లో ఇది సరిగ్గా కనపడదు. 1 సెకనుకి పెట్టి, వరసగా రెండు రాత్రులు లాగ్ చేయండి. ఫైల్లో టైమ్ మనది కాదు, సుమారుగా యూటీసీ (మనకంటే అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయం). మన రాత్రి 8 అంటే 14:30. ఒక్కో శాటిలైట్ సిగ్నల్ బలాన్ని విడిగా గీసి చూడండి:

1. నడినెత్తికి దగ్గరున్నవి సహా కొన్ని మాత్రమే సెకన్లలో ఎగిరిపడుతుంటే సింటిలేషన్.
2. అన్నీ ఒకేసారి పడిపోతే యాంటెన్నా కేబులో, జామింగో.
3. అదే జీపీఎస్ శాటిలైట్ మర్నాడు సుమారు 4 నిమిషాల ముందు అలాగే పడితే పక్క బిల్డింగ్ మల్టీపాత్ (గోడలకి తగిలి తిరిగొచ్చే సిగ్నల్).

మొదటిదైతే కొలతలు 7 లోపు ముగించేయండి. తప్పదంటే గెలీలియో, బైడూ (యూరప్, చైనా శాటిలైట్ వ్యవస్థలు) ఆన్ చేసి, బేస్‌ని దగ్గరగా పెట్టి, మాస్క్ (ఆ కోణం కంటే కిందున్న శాటిలైట్లని వదిలేసే సెట్టింగ్) 15 డిగ్రీల దగ్గర ఉంచండి. ఇంకా పెంచితే బాగున్న శాటిలైట్లూ పోతాయి. ఫిక్స్ తిరిగొచ్చాక తెలిసిన పాయింట్ ఒకటి మళ్లీ కొలిచి, తేడా లేకపోతేనే ముందుకెళ్లండి.