పండుగనాడు ఇంట్లో లేని మనిషిని గురించి ఏమి రాయాలి?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గరి పల్లె. మా నాయన హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ముంబై, గోవా, కువైట్, మస్కట్ హోటళ్లలో మేనేజర్‌గా పనిచేసి, చివరికి నల్లగొండలో స్థిరపడి, పోయిన ఏడాది కాలం చేశారు. సంవత్సరికానికి ఆయన జీవితం మీద చిన్న పుస్తకం అచ్చువేసి బంధువులకు పంచాలని నా ఆశ. కుటుంబమే ప్రాణంగా బతికాడని నేను రాస్తే, “నా పదో తరగతి పరీక్షలకు లేడు, నానమ్మ పోయిననాడు లేడు, ఏ దసరాకు ఉన్నాడు?” అని మా అన్న అడ్డు చెబుతున్నాడు. సినిమా నటులతో, నాయకులతో ఆయన దిగిన ఫొటోలు వేయవచ్చా? 1990లో కువైట్ నుంచి వచ్చేటప్పుడు హోటల్ స్టోర్ గది తాళాలు అప్పగించి రాయించుకున్న రసీదు ఒకటి పెట్టెలో ఉంది. ఆ రోజుల గురించి ఆయన ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక కుమార్తె, నల్లగొండ

జవాబు: ఆ రసీదుతోనే మొదలుపెట్టండి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించింది. అక్కడ చిక్కుకున్న మనవాళ్లలో చాలామంది బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరుకుంటే, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు వారాల తరబడి తిరిగి లక్ష మందికి పైగా భారతీయులను స్వదేశానికి తీసుకువచ్చాయి. రావలసిన జీతం కూడా వదులుకుని చేతి సంచితో జనం బయటపడుతున్న సమయంలో, దుప్పట్లూ తువ్వాళ్లూ ఉండే గది తాళాలను లెక్క ప్రకారం అప్పగించి, సంతకం తీసుకుని బయలుదేరిన మనిషి ఎలాంటివాడో చెప్పడానికి వేరే విశేషణం అక్కరలేదు. రసీదును ఫొటో తీయించి నిండు పేజీలో వేయండి. “అజాతశత్రువు”, “నిగర్వి”, “స్నేహశీలి” అన్న మాటలు ఎవరు పోయినా మన చౌరస్తాల ఫ్లెక్సీల మీద కనిపించేవే కనుక వాటిని ఈ పుస్తకంలోకి రానివ్వకండి.

తరువాత ఆయన పని ఏమిటో వివరంగా రాయండి. మన వైపు హోటల్ మేనేజర్ అనగానే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషే మెదులుతాడు. పెద్ద హోటల్లో మేనేజర్ పొద్దున్నే రాత్రి డ్యూటీ వాళ్లు రాసిన లాగ్‌బుక్ చదవాలి. ఏ గదిలో ఏసీ ఆగింది, ఎవరు బిల్లు మీద గొడవపడ్డారు, ఎన్ని గదులు ఖాళీ అవుతాయన్నది చూసుకోవాలి. విదేశీయులు దిగితే ఇరవై నాలుగు గంటల్లోగా వారి వివరాల ఫారం అధికారులకు చేరిందో లేదో కనుక్కోవాలి. అంతా సవ్యంగా జరిగితే ఆయన ఉన్నట్టే అతిథికి తెలియదు. హైదరాబాదు విద్యానగర్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ 1972లో మొదలైంది, మీ నాయన ఆ చదువుకు వెళతానన్నప్పుడు “వంట నేర్చుకోవడానికి పట్నం పోవాలా?” అని ఊళ్లో ఎవరైనా నవ్వారేమో మీ మేనత్తలను అడిగితే మంచి పేజీ ఒకటి దొరుకుతుంది.

ఇక మీ అన్నగారి మాట. అందరి ఇళ్లలో పండుగైన రోజునే, పెళ్లిళ్ల ముహూర్తాల్లోనే, డిసెంబరు 31 రాత్రే హోటల్‌కు ఊపిరాడదు కనుక, ఊరంతా బతుకమ్మ ఆడే వేళ ఆయన ఎక్కడో ఎవరి విందుకో బల్లలు వేయించి ఉంటారు. అది వృత్తి తీరు తప్ప ప్రేమ లేకపోవడం కాదు. అయితే ఆ సంగతి తెలిసినంత మాత్రాన పదో తరగతి పిల్లవాడి వెలితి తీరదు. దాన్ని మీరు సర్దిచెప్పి కప్పిపెట్టనూ వద్దు. ఆ పేజీలు అన్ననే రాయమనండి, ఆయన రాసినదాన్ని మెత్తబరచకుండా వేయండి. మీరు రాసినదీ ఆయన రాసినదీ పక్కపక్కనే ఉంటే చదివేవారు నమ్ముతారు. మేనేజర్ ఇంటి సంసారం మేనేజ్ చేసింది ఎవరన్నది కూడా రావాలి: గల్ఫ్ నుంచి వచ్చిన డ్రాఫ్టులు బ్యాంకులో మార్చుకుని, ఫీజులు కట్టి, పొలం కౌలుకిచ్చి, ఇల్లు కట్టించింది మీ అమ్మగారే అయి ఉంటారు. నా లెక్కలో సగం పుస్తకం ఆమెది.

ఫొటోల విషయంలో నేను కొంచెం కటువుగా చెబుతాను. ఎవరు ఏ గదిలో దిగారు, ఎవరితో వచ్చారన్నది బయటపెట్టకపోవడం హోటల్ వృత్తిలో మొదటి నియమం; మీ నాయన కూడా దాన్ని పాటించే ఉంటారు. నటుల ఫొటో ఒక్కటి చాలు. మిగతావాటికి బదులు వంటవాళ్లతో, రూంబాయ్‌లతో, సెక్యూరిటీ వాళ్లతో ఉన్నవి వెతకండి, వాళ్లలో ఇప్పటికీ ఫోన్‌కు దొరికేవారితో మాట్లాడండి.

తేదీల కోసం జ్ఞాపకాన్ని నమ్ముకోకండి. రద్దు ముద్రతో తిరిగి ఇచ్చిన పాత పాస్‌పోర్టుల్లో రాకపోకల ముద్రలన్నీ ఉంటాయి. సర్వీసు సర్టిఫికెట్లు, ఉత్తరాల మీది తపాలా ముద్రలు పక్కన పెట్టుకుంటే వరుస తేలిపోతుంది. ముసలివాళ్లు చదువుతారు కనుక అక్షరాలు పెద్దవి వేయించండి. ప్రెస్‌కు ఇచ్చే ముందు మొత్తం మీ అమ్మగారికి చదివి వినిపించి, ఆమె వద్దన్న వాక్యం ఎంత బాగున్నా తీసేయండి.