మెడికల్ స్కూల్ అప్లికేషన్: ఉత్తరం ఎవరిని అడగాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అబ్బాయి ఇక్కడే కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నాడు. వచ్చే జూన్‌లో మెడికల్ స్కూళ్ళకు అప్లై చేస్తాడు. మావారి స్నేహితుడొకాయన పెద్ద కార్డియాలజిస్ట్, హాస్పిటల్లో డిపార్ట్‌మెంట్ చీఫ్, మావాణ్ణి పుట్టినప్పటి నుంచీ ఎరుగుదురు. రికమండేషన్ లెటర్ ఇస్తానని ఆయనే అన్నారు. వీడేమో వద్దంటాడు, ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పిన మేడమ్‌ని అడుగుతానంటాడు. ఆవిడ క్లాసులో వీడికి వచ్చింది బీ ప్లస్! తండ్రీకొడుకుల మధ్య రోజూ ఇదే గొడవ. ఎవరి మాట వినమంటారు?
- ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: మీ అబ్బాయి మాట వినండమ్మా.

మీవారి ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అక్కడి నుంచే వచ్చాను. మన ఇళ్ళల్లో రికమండేషన్ అంటే పెద్దమనిషి చేత ఒక మాట చెప్పించుకోవడం. తిరుమలలో బ్రేక్ దర్శనానికి ఎమ్మెల్యే గారి ఉత్తరం తీసుకువెళ్తామే, అక్కడ చూసేది ఉత్తరం ఇచ్చినాయన హోదానే గానీ ఆయనకు మన గురించి ఏం తెలుసు అన్నది కాదు. అమెరికా మెడికల్ స్కూల్ అడిగేది అది కాదు. అప్లికేషన్లు తీసుకునే ఆమ్‌కాస్ వాళ్ళు దీన్ని రికమండేషన్ అని కూడా అనరు, 'లెటర్ ఆఫ్ ఇవాల్యుయేషన్' అంటారు. అంటే ఈ పిల్లవాడు పని చేస్తుండగా చూసి, వాడు ఎలాంటివాడో చెప్పగల మనిషి సాక్ష్యం కావాలి. కార్డియాలజిస్ట్ గారు మీవాణ్ణి పుట్టినరోజుల్లో చూశారు, ఉగాది ఫంక్షన్లో చూశారు. మంచి కుటుంబం, పెద్దలంటే గౌరవం ఉన్న కుర్రాడు అని రాస్తారు. అది నిజమే అయినా కమిటీలో కూర్చున్నవాళ్ళకు దాంతో పనిలేదు, పైగా ఇంటి స్నేహితుడి ఉత్తరం అని తెలియగానే దాని బరువు ఇంకా తగ్గిపోతుంది.

బీ ప్లస్ గురించి మీకున్న భయం నాకు అర్థమైంది. కానీ మార్కులు అప్లికేషన్‌లో ఎలాగూ ఉంటాయి. మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ, ఉత్తరాలు రాసేవాళ్ళకు ఇచ్చిన సూచనల్లోనే ఈ సంగతి ఉంది: కోర్సు గురించో ల్యాబ్ గురించో కాదు, విద్యార్థి గురించి రాయండి, గ్రేడ్లు, ఎమ్‌క్యాట్ (మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష) స్కోర్లు సందర్భం వివరించడానికి అవసరమైతేనే ఎత్తండి అని. మీవాడు మొదటి మిడ్‌టర్మ్ పాడుచేసుకుని, తర్వాత వారం వారం ఆవిడ ఆఫీస్ అవర్స్‌కి (విద్యార్థులు వచ్చి సందేహాలు అడిగే సమయానికి) వెళ్ళి తప్పులు దిద్దుకుని, చివరికి బీ ప్లస్ తెచ్చుకున్నాడనుకోండి, ఆవిడ దగ్గర చెప్పడానికి ఒక కథ ఉంది. మూడు వందల మంది కూర్చున్న లెక్చర్లో 'ఏ' గ్రేడు తెచ్చుకున్నా, ఆ ప్రొఫెసర్‌కి వీడి మొహం గుర్తులేకపోతే వచ్చేది నాలుగు వాక్యాల ఉత్తరం.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నేను రెసిడెన్సీకి, అంటే మెడిసిన్ అయ్యాక హాస్పిటల్లో చేసే శిక్షణకి, అప్లై చేసినప్పుడు మా కాలేజీలో బాగా పేరున్న ఒక ప్రొఫెసర్ గారి దగ్గర ఉత్తరం తీసుకున్నాను. ఆయన నన్ను రోగి మంచం దగ్గర ఒక్కసారి కూడా చూడలేదు. ఇంటర్వ్యూలో ఒకావిడ ఆ కాగితం పట్టుకుని, ఈయనతో కలిసి ఏ పని చేశారు అని చాలా మామూలుగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ గదిలో పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అదే ఆయన్ని కాకుండా, వార్డులో రాత్రుళ్ళు నాతో పాటు నిలబడిన అసిస్టెంట్ ప్రొఫెసర్ గారు అడిగితే సంతోషంగా రాసిచ్చేవారు.

ఇక లెక్కలకు వద్దాం. చాలా స్కూళ్ళు సైన్స్ చెప్పినవాళ్ళు ఇద్దరు, సైన్స్ కాని సబ్జెక్టు చెప్పినవాళ్ళు ఒకరు కావాలంటాయి. సైన్స్ అంటే సాధారణంగా బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, కొన్నిచోట్ల మ్యాథ్స్ కూడా. ఇది స్కూలును బట్టి మారుతుంది, అందుకని మీవాడు ఒక్కో స్కూలు పేజీ తెరిచి రాసుకోవాలి, దీనికి దగ్గరదారి లేదు. ఆమ్‌కాస్‌లో పది ఉత్తరాల దాకా పెట్టొచ్చు, కానీ చోటుంది కదా అని నింపకండి. బలమైనవి నాలుగైదు చాలు. టెక్సాస్‌లో చాలా స్కూళ్ళకు వేరే అప్లికేషన్ ఉంది.

ల్యాబ్‌లో రీసెర్చ్ చేసి ఉంటే అక్కడి నుంచి ఒకటి తీసుకోవాలి. ల్యాబ్ పెద్దాయన నెలకోసారి కనపడి, రోజూ పని నేర్పింది పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక అక్కడ రీసెర్చ్ చేసేవాళ్ళు) అయితే, వివరాలు ఆ పోస్ట్‌డాక్ రాసి ఇద్దరూ సంతకం పెట్టేలా అడగొచ్చు, అది మామూలుగా జరిగేదే. డాక్టర్ ఉత్తరం కావాలని కొన్ని స్కూళ్ళు, ముఖ్యంగా డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్ డిగ్రీ ఇచ్చే) స్కూళ్ళు అడుగుతాయి. అప్పుడు కూడా మీవాడు నిజంగా పక్కనే నిలబడి షాడోయింగ్ చేసిన డాక్టర్నే అడగాలి, వీలైతే డీఓ డాక్టర్‌ని. కాలేజీలో ప్రీమెడ్ కమిటీ, అంటే మెడికల్ స్కూళ్ళకు వెళ్ళే విద్యార్థుల కోసం కాలేజీ తరఫున ఉత్తరం రాసే కమిటీ, ఉంటే మాత్రం ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళమనండి. కమిటీ ఉండి కూడా ఆ లెటర్ లేకపోతే ఎందుకు లేదని కొన్ని స్కూళ్ళు అడుగుతాయి.

ఎప్పుడు అడగాలంటే ఫిబ్రవరి, మార్చి. మే నెలాఖరుకి అడిగితే ప్రొఫెసర్లు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూనో, ఊరు వెళ్తూనో ఉంటారు. స్వయంగా వెళ్ళి, "నా గురించి బలమైన ఉత్తరం రాయగలనని మీకు అనిపిస్తుందా?" అని సూటిగా అడగాలి. వాళ్ళు ఒక్క క్షణం తటపటాయించినా థ్యాంక్స్ చెప్పి వచ్చేయాలి. మొహమాటానికి రాసిన ఉత్తరం చదివేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది, అది లేకపోవడమే నయం. సరే అంటే రెజ్యూమే, పర్సనల్ స్టేట్‌మెంట్, ఆ క్లాసులో తను చేసిన పనిని గుర్తుచేసే ఒక పేజీ, గడువు తేదీ, అన్నీ ఒకే ఈమెయిల్‌లో పంపాలి.

ఒక్క మాట మీ ఇద్దరికీ, దయచేసి ఏమనుకోకండి. మీరు ఆ ప్రొఫెసర్లకు ఫోన్ చేయొద్దు, ఈమెయిల్ రాయొద్దు, థ్యాంక్స్ చెప్పడానికి కూడా వద్దు. అది వాడే చెప్పాలి.

ప్రశ్న: మెడికల్ స్కూల్ రికమండేషన్ లెటర్ ఫారంలో "ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నారా?" అని ఉంది. వదులుకుంటే నా గురించి ఏం రాశారో నాకెలా తెలుస్తుంది? ఒక ప్రొఫెసర్ గారింకా పంపలేదు, అప్లికేషన్ ఆపాలా?
- ఒక విద్యార్థిని, డాలస్

జవాబు: వదులుకో తల్లీ. విద్యార్థుల రికార్డులకు సంబంధించిన 1974 నాటి ఫెర్పా చట్టం నీకు ఆ హక్కు ఇచ్చింది, కానీ నువ్వు చదవగలిగే ఉత్తరంలో నిజం మొత్తం ఉందని కమిటీ నమ్మదు. ఏం రాస్తారో అని భయపడేటంత అనుమానం ఎవరి మీదైనా ఉంటే వాళ్ళని అడగకు. రెండోదానికి, ఆపకు. ఆమ్‌కాస్ వాళ్ళు నీ మార్కులు సరిచూడడానికి ఉత్తరాల కోసం ఆగరు. సెకండరీలు (ఆమ్‌కాస్ తర్వాత ఒక్కో స్కూలు విడిగా పంపే అప్లికేషన్లు) పూర్తి చేసే లోపు వచ్చేస్తే చాలు. ఆ ప్రొఫెసర్ గారికి రెండు వారాలకొకసారి మర్యాదగా గుర్తుచెయ్యి.

ప్రశ్న: మేడమ్, ఎంబీబీఎస్ అయిపోయింది, అమెరికాలో రెసిడెన్సీకి అప్లై చేస్తున్నాను. మా హెచ్‌ఓడీ గారు "నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను" అన్నారు. మా సీనియర్లందరూ అలాగే చేశారట. చేయొచ్చా?
- గుంటూరు నుంచి

జవాబు: అలా చేయొద్దమ్మా. నీ గురించి నువ్వే రాసుకుని ఇంకొకరి సంతకం పెట్టించడం నిజాయితీ కాదు. పైగా ఆ సీనియర్ల దగ్గర నుంచి చేతులు మారుతూ వచ్చిన అవే వాక్యాలు ఒకే కాలేజీ నుంచి ఏడాదికేడాది వస్తుంటే ఇక్కడ చదివేవాళ్ళు గుర్తుపడతారు. రెసిడెన్సీ అప్లికేషన్లు తీసుకునే ఇరాస్‌లో ఉత్తరాన్ని రాసినవాళ్ళే పోర్టల్ ద్వారా అప్‌లోడ్ చేయాలి. ఒక్కో ప్రోగ్రామ్‌కి నాలుగు ఉత్తరాలు పెట్టుకోవచ్చు. వాటిలో కొన్నైనా అమెరికాలో నీ పని చూసిన డాక్టర్లవి ఉంటే మంచిది. నెల రోజులు వెనకాల నిలబడి చూసిన అబ్జర్వర్‌షిప్ కంటే రోగిని పరీక్షించి, కేసు చెప్పిన ఎలక్టివ్ నుంచి వచ్చేదానికి విలువ ఎక్కువ. గుంటూరు నుంచి తీసుకునేది హెచ్‌ఓడీ గారి దగ్గరే అవ్వక్కర్లేదు. హౌస్ సర్జన్సీలో నీ డ్యూటీలు ఎవరు చూశారు? నీ కేస్ షీట్లు దిద్దింది ఎవరు? వాళ్ళ దగ్గరికి వెళ్ళి, నువ్వు చూసిన కేసులు కాగితం మీద రాసిచ్చి, ఉత్తరం మాత్రం వాళ్ళ మాటల్లోనే రాయమని అడుగు. ఇంగ్లీషు కాస్త అటూ ఇటూ అయినా ఫరవాలేదని కూడా చెప్పు, చాలామంది వెనకాడేది అందుకే.