హనుమకొండల మంచి యాట కూర ఎట్ల పసిగట్టాలె

అల్లుడూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నర్సంపేటల ఒక పెండ్లి వంట మీద ఉన్న. గంజుల గంటె తిప్పుకుంట రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసిన. నువ్వడిగింది మాత్రం మనసుల మెదులుతనే ఉన్నది. ఆరేండ్లు అమెరికాల ఉండి స్టేక్‌కు అలవాటు పడ్డవు, ఇప్పుడు హనుమకొండల కొలువుల చేరినవు, ఇక్కడ అసుంటి మాంసం ఏ హోటల్ల దొరుకుతది మామా అన్నవు. నలభై ఏండ్ల నుంచి పెండ్లిండ్లకు, బోనాలకు, దినాలకు యాట కూర వండుతున్నోన్ని, నాకు తెలిసినకాడికి చెప్త.

ముందు స్టేక్ ముచ్చట. మా చిన్నబిడ్డ దగ్గరికి డాలస్ పోయినప్పుడు నాకు సుత రిబ్ ఐ అనే స్టేక్ తినిపిచ్చిండ్రు, పక్కటెముకల కాడి గొడ్డుమాంసం. రెండు వేళ్ల మందం ముక్క. మీద ముదురు రంగు తేలింది, కోస్తే లోపల గులాబి రంగు. కండ నడుమ సన్న గీతలు గీసినట్టు తెల్లటి కొవ్వు. ఆ కండకు పని తక్కువ, పైగ ఆ గీతల కొవ్వు కరుగుతది, అందుకే ఆ ముక్క పది నిమిషాల మంటకే మెత్తగ తయారు. మన మేకకు ఆ గీతలుండయి. దాని కొవ్వంత గుర్దాల చుట్టు, కడుపుల చేరుతది, కండ బక్కగనే ఉంటది. దాని తొడముక్కను గట్లనే పెనం మీద కాల్చి దించితే తోలు నమిలినట్టుంటది. మనది సన్నమంట మీద గంటన్నర, రెండు గంటల పని. జబ్బల, కాలి పిక్కల ఉండే నరాలు, పొరలు మెల్లగ కరిగి షేర్వల కలవాలె. కూరకు చిక్కదనం అక్కడికెల్లే వస్తది. మన పెద్ద హోటళ్లల్ల కార్డు మీద స్టేక్ అని రాసి ఉన్నకాడ నేను రెండుసార్లు తిన్న. పల్చటి ముక్క, మీద నల్లటి సాసు. నువ్వు తిన్నదానికి, దీనికి పొంతన లేదు. దానికోసం తిరిగి పైసలు పోగొట్టుకోకు. అదే నాలుకతోని యాట కూర ఎతుకు.

డాలస్ హోటల్ల నాకు మస్తు నచ్చింది ఒకటున్నది. ముందు ఏ భాగం కావాల్నో అడిగిండ్రు, ఎంతవరకు కాల్చాల్నో తర్వాత అడిగిండ్రు. మన దగ్గర సుత మంచి హోటల్‌కు మొదటి గుర్తు అదే. ములుగు రోడ్డు మీద ఒక రేకుల షెడ్డు ఉన్నది, బోర్డు సుత లేదు. అక్కడ వండే పెద్దమ్మ మనం కూసుండంగనే "బొక్క గావాల్నా, మెత్తది గావాల్నా?" అంటది. బొక్క అంటే గంజు అడుగుకు గంటె దించి, మెల్లగ పైకి తీసి, మూలుగ బొక్కను ఏరి ఏస్తది. పోయినసారి ఆ బొక్కను పళ్లెం అంచుకు రెండుసార్లు తట్టిన. మూలుగంత ఒక్కటే ముద్దగ జారి జొన్నరొట్టె మీద పడ్డది, వణుకుకుంట, వెన్న లెక్క. దాని మీద ఇంత షేర్వ పోసుకొని తిన్న. తొందరపడకుంట ఉడికిచ్చినోళ్ల కాడనే మూలుగ అట్ల జారుతది. నువ్వు అడిగినా ఏ ముక్కో చెప్పకుంట, అన్నీ ఒక్కతీరు బోన్‌లెస్ ముక్కలు తెచ్చి పెట్టేకాడికి రెండోసారి పోకు.

ఏ రోజు పోవాల్నన్నది సుత చూసుకోవాలె, దీన్ని ఎవ్వలు పట్టిచ్చుకోరు. మన దిక్కు సోమవారం శివుడని, గురువారం సాయిబాబా అని, శనివారం ఎంకన్న అని శానామంది నీసు ముట్టరు. ఆ రోజులల్ల గిరాకి తక్కువ, నిన్నటి కూర ఫ్రిజ్‌ల ఉండి మళ్ల పొయ్యి ఎక్కుతది. ఆదివారం యాటలు మస్తు తెగుతయి గని, జనం మీద జనం పడ్డంక కుక్కర్ల ఏసి దించుతరు. బుధవారం, శుక్రవారం పగటిపూట పన్నెండింటికి పో. ఆదివారమే వీలైతే పన్నెండు దాటనియ్యకు. రెండింటికల్ల గంజు ఖాళీ అయ్యి "అయిపోయింది" అన్న హోటల్‌ను గుర్తుపెట్టుకో, వచ్చే వారం అదే రోజు ఇంక జల్ది పో. మేడారం జాతర రోజులల్ల మాత్రం ములుగు తొవ్వ హోటళ్ల జోలికి పోకు. ఆ రద్దీల ఎంత మంచి చెయ్యి అయినా ఆగమైతది.

మాంసం లేతదా, ముదురుదా అన్నది నేను దెబ్బతిని నేర్సుకున్న. హసన్‌పర్తి దిక్కు ఒక పెండ్లికి మాంసం ఒప్పుకున్నాయన లేత పోతులని చెప్పి, ఈనిన ముసలి గొర్లు కొట్టిచ్చి పంపిండు. కోసినంకనే నా చేతికొచ్చింది. మూడు గంటలు ఉడికిచ్చినా లొంగలే. బంతిల పెండ్లికొడుకు తాత ఒక ముక్క నోట్ల పెట్టుకొని, మెల్లగ తీసి విస్తరి అంచుకు పెట్టిండు. నన్ను ఒక్క మాటనలే. ఆ రాత్రి నాకు బుక్క దిగలే. అప్పటికెల్లి నోరు తెరిసి పండ్లు చూడంది యాటను ఒప్పుకుంటలేను. పాలపండ్లే ఉంటే ఏడాది లోపుది. రెండు పెద్ద పండ్లు వచ్చినయంటే ఏడాది దాటింది, నాలుగంటే రెండేండ్ల దిక్కు, ఎనిమిది నిండినయంటే నాలుగేండ్ల ముదురు. కూరకు రెండు పండ్ల పోతుకు మించింది లేదు. పాలపండ్లదానికి రుచి ఇంక ఎక్కదు.

హోటల్ల నువ్వు పండ్లు చూడలేవు గని, ముక్కను వేళ్లతోని చీల్చి చూడు. లేతదైతే సన్నటి పోగులు, ముదురుదైతే సుతిలి లెక్క మందంగ ఉంటయి. మీదంత పిండి లెక్క మెత్తగ ఉండి, బొక్క దగ్గర గట్టిగ ఉన్నదా, ముదురు మాంసానికి పచ్చి బొప్పాయి ఎక్కువ పట్టిచ్చినట్టే. నాలుకకు సబ్బు తగిలినట్టుంటే సోడా ఉప్పు ఏసిండ్రు, లేచి రా. షేర్వను రెండు వేళ్ల నడుమ రుద్దు. కడుక్కున్నంక సుత వేళ్లు ఎర్రగనే ఉంటే అది డబ్బా రంగు కావొచ్చు. మన వరంగల్ చపాట మిరపకాయకే ఎర్రటి రంగు ఉన్నది, కారం తక్కువ. రంగుకు చపాట, కారానికి తేజ కలిపి పట్టిచ్చిన ఇంట్ల డబ్బా రంగుతోని పని పడదు. చిక్కదనం కుడుక, గసాలు, ధనియాలతోని రావాలె. తియ్యగ, తెల్లగ కాజు పేస్టు తగిలితే ఆ కూర పన్నీరుకు చేసిందే, అండ్ల మాంసం ఏసి ఇస్తున్నరు.

ఇంక ఒక్కమాట అడుగు: మాంసం ఏడికెల్లి తెస్తరని. మంచోడు దుకాణం పేరు చెప్పి, ఎన్నింటికి కొట్టిచ్చిండో సుత చెప్తడు. ఆ ప్రశ్నకు కసిరినోని కాడ తినకు.

అయినా నాలుక మంట మీది మాంసమే అడిగితే, పక్కటెముకల చాంపులు అడుగు. యాటల అట్ల పెనం మీద పనికొచ్చేది ఆ ముక్కనే. బొక్కను అంటుకొని ఉండే సన్న కండ, మీద పల్చటి కొవ్వు పొర. ఉప్పు, అల్లం ఎల్లిగడ్డ, మిరియాలు చాలు. రంజాన్ నెల రాత్రి మండిబజార్ పోయినవనుకో, బొగ్గుల మీద కాల్చిన మాంసం ఏడ మంచిగున్నదో నీ ముక్కే తొవ్వ చూపెడ్తది.

వచ్చే బుధవారం నాకు ఎనుమాముల మార్కెట్ల మిరపకాయ కొనే పనున్నది. పదకొండున్నరకల్ల ఒడగొట్టుకొని నీ ఆఫీసు కాడికి వస్త. సగం రోజు సెలవు పెట్టు, పొద్దుగాల టిఫిన్ చెయ్యకు. ఆ పెద్దమ్మకు రెండు మూలుగ బొక్కలు పక్కకు తియ్యమని ఫోన్‌ల చెప్పి పెట్టిన.

మీ మామ