అవ్వ నోట్ల మందు

బిడ్డా,

నీ కథ రెండుసార్లు చదివిన. వరంగల్ ఎంజీఎం దవాఖాన వరండాల గోడకు ఆనుకొని కూసున్న ముసలవ్వ కండ్ల ముందటికి వచ్చింది. కానీ ఆమె నోరు తెరిచి "డాక్టరుగారూ, నాకు ఔషధం ఇప్పించండి" అనంగనే మాయమైంది. ములుగు దిక్కు నుంచి పొద్దుగాల బస్సెక్కి వచ్చిన అవ్వ అట్లంటదా? "సారూ, పానం మంచిగ లేదు, ఇన్ని గోలీలియ్యి" అంటది.

ఔషధం చెడ్డ మాటేం కాదు. ఓషధి నుంచి పుట్టింది. పాత నిఘంటువుల లెక్కన ఓషధి అంటే పంట పండంగనే ఎండిపోయే మొక్క. అట్ల చూస్తే మీ పొలంల వరి ఓషధే, ఇంటి ముందటి వేపచెట్టు మాత్రం కాదు! ఈ ముచ్చట కథల పెట్టాల్నని ఉంటే ఓ పంతులుతోటి చెప్పించు. అవ్వను వదిలెయ్.

ఆమె మాట మందు. తమిళుల మరుందు, మలయాళీల మరున్ను, కన్నడిగుల మద్దు, మన మందు ఒక్క తల్లి పిల్లలే. దవాఖాన సంగతి వేరు. దవా అరబ్బీ, ఖానా ఫారసీ, ఉర్దూ మీదికెల్లి మన దగ్గరికొచ్చి ఇంటి మాటయింది. సర్కారే పల్లె దవాఖాన, బస్తీ దవాఖాన అని బోర్డులు రాయించింది. నువ్వేమో దాన్ని కొట్టేసి 'వైద్యశాల' అని దిద్దినవ్. ఎవరికి భయపడి?

ఇగ మందు ఎన్ని ఇండ్లు తిరిగిందో చూడు. డీఏపీ ఎరువు బస్తా మందు బస్తా. పత్తికి కొట్టేది మందు. పొద్దూకినంక బెల్టుషాపుల దొరికేదీ మందే. తుపాకుల కూరేది కూడ మందే, మందుపాతర అన్న మాట అట్లనే వచ్చింది. గంధకం, సురేకారం వైద్యుని సంచిలనూ ఉండేటివి కాబట్టి ఆ పేరు పడ్డదేమో, ఇది ఉత్త నా ఊహ. కొడుకు పెండ్లయినంక అత్తగారింటి గడప దిగకపోతే "మందు పెట్టిండ్రు" అని తల్లి శాపనార్థాలు పెడ్తది.

1997-98ల పురుగు ఎగబడి మన వరంగల్ జిల్లాల పత్తి ఊడ్చుకపోయింది. రైతులు ప్రాణాలు తీసుకున్న కాలం. ఓ దవాఖాన వాకిట్ల నిలబడి ఉన్న. ఆటోలకెల్లి ఓ మనిషిని దించిండ్రు.

"ఏమైంది?"

"మందు తాగిండు."

"ఏ మందు?" అన్నది నర్సమ్మ.

వెంట వచ్చిన ఆడమనిషి ఏం చెప్పలేదు. కొంగు కిందికెల్లి ఓ డబ్బా తీసింది. దాని మీది కాగితం సగం చినిగి ఉన్నది. నర్సమ్మ అది గుంజుకొని లోపటికి ఉరికింది. "ఏ మందు" అని ఆ రాత్రి నోట్‌బుక్కుల రాసుకున్న. ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోయిన, కథ రాయలేకపోయిన.

నీ కథల 'ఔషధం' పదకొండు చోట్ల ఉన్నది, లెక్కపెట్టిన. అన్నీ మార్చకు. డాక్టరు చీటీ చదివే చోట ఒకటి ఉండనియ్యి. అవ్వ పక్కపొంటి నువ్వు ఇంకో పూట కూసొని వచ్చినంక తిరగ రాసి పంపు. పొద్దటి గోలీలు, రాత్రి గోలీలు కలిసిపోకుండ ఆమె కొంగుకు ఎన్ని ముడులేసుకున్నదో కూడ చూసిరా.

మీ పెద్దనాయిన
హన్మకొండ